చదరంగపు గింజల సంఖ్యను చేతిలెక్కతో శోధించడం: ఇరవై అంకెలకు మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

కొరాపుట్ జిల్లా జయపురంలో తెలుగు ఇళ్ల పిల్లలకు నేను సాయంత్రం పూట లెక్కలు చెబుతాను. బడిలో ఒడియాలో లెక్కలు నేర్చుకుని ఇంట్లో తెలుగులో మాట్లాడుకునే ఈ పిల్లల ముందు పెద్ద సంఖ్యను పెట్టాలంటే, రెండు భాషలకూ చెందిన వస్తువు ఒకటి ఆసరాగా ఉండాలి. ఈ నేల మీద అది బియ్యమే. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వరిలో ఎన్నెన్నో నాటు రకాలను గిరిజన రైతులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన చోటు ఇది. అందుచేత చదరంగం పలకపై గింజలు పోసే పాత లెక్కనే నేను ఎంచుకుంటాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడిలోనూ ముందరి గడికి రెట్టింపు పోస్తూ పోతే, అరవై నాలుగు గళ్లకూ కలిపి వచ్చే గింజలు 18446744073709551615.

ఈ సంఖ్య గుణాలను కేవలం పెన్సిలు, గళ్ల కాగితంతో ఎలా కనుక్కోవాలో ఈ వ్యాసంలో చెబుతాను. పెద్ద సంఖ్య కనపడగానే 2తో, 3తో, 7తో వరుసగా భాగహారాలకు దిగడం చాలామంది చేసే పని. అలా చేస్తే ఈ సంఖ్య దగ్గర నెలల తరబడి కూర్చోవాలి. ఆ సంఖ్య ఎలా పుట్టిందో ముందుగా గమనిస్తే, అదే పని ఒక ఆదివారం మధ్యాహ్నంలో ముగుస్తుంది. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ పుట్టుకనే ఆధారం చేసుకుంటుంది.

మొదలుపెట్టే ముందు మాటల గురించి ఒక సూచన. ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలకు ప్రధాన సంఖ్య అంటే వెంటనే తట్టదు. వారికి అది ‘మౌళిక సంఖ్య’. మనం కారణాంకం అనేదాన్ని వారు ‘గుణనీయక’ అంటారు. మన గుణిజం వారికి ‘గుణితక’. ఈ చివరి రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండి పిల్లలను తికమక పెడతాయి. అందువల్ల 15కు 5 కారణాంకమనీ, 5కు 15 గుణిజమనీ పలకపై ఒకసారి రాసి చూపించాకే ముందుకు వెళ్లడం మంచిది.

మొదటి మెట్టు: సంఖ్యను సరిగా చదవడం

కుడి నుండి ఏడేసి అంకెలకు ఒక గీత గీయండి. ఒక కోటిలో ఏడు సున్నాలుంటాయి కాబట్టి ఈ కోత మన లెక్కింపుకు చక్కగా సరిపోతుంది. 184467 | 4407370 | 9551615 అని మూడు ముక్కలు వస్తాయి. దీనిని 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615 అని చదవాలి. శంఖం, పద్మం వంటి పేర్లకు ఒక్కో గ్రంథంలో ఒక్కో విలువ కనిపిస్తుంది కనుక, బోధనలో నేను వాటి జోలికి వెళ్లను.

అంకెలు గుర్తుంచుకోవడానికి మాత్రం మన వాళ్లు ఎంతో అందమైన దారి చూపించారు. ఇదే సంఖ్యను భూతసంఖ్యలలో పొదిగిన పాత చంపకమాల ఒకటి తెలుగులో ఉంది. భూతసంఖ్యల పద్ధతిలో అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి. అంటే మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానానిది. ఆ పద్యంలో మాటలు ఈ వరుసలో వస్తాయి: శర (5), శశి (1), షట్క (6), చంద్ర (1), శర (5), సాయక (5), రంధ్ర (9), వియత్ (0), నగ (7), అగ్ని (3), భూధర (7), గగన (0), అబ్ధి (4), వేద (4), గిరి (7), తర్క (6), పయోనిధి (4), పద్మజాస్య (4), కుంజర (8), తుహినాంశు (1). మన్మథుని బాణాలు ఐదు, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది అని తెలిసిన వారికి ఈ ఇరవై మాటలూ ఇరవై అంకెలే. వీటిని చివరి నుండి మొదటికి రాసుకుంటూ పోతే 1, 8, 4, 4, 6, 7 అని మన సంఖ్య తిరిగి వస్తుంది. ఒక్క అంకె తప్పినా ఛందస్సు కుంటుపడుతుంది కాబట్టి, ఈ సంఖ్యను భద్రపరచడానికి ఇంతకంటే గట్టి పెట్టె నాకు కనపడలేదు.

రెండో మెట్టు: రెట్టింపు నిర్మాణాన్ని కొలపాత్రలతో గ్రహించడం

ఒకటి నుండి అరవై నాలుగో గడి దాకా ఉన్న గింజలను ఒక్కొక్కటిగా కూడవలసిన పని లేదు. ఎందుకో చూపించడానికి నేను వాడే సామగ్రి మా అమ్మమ్మ ఇంటి కొలపాత్రలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు జయపురం ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది; ఆ నాటి తెలుగు కొలతలు కొన్ని ఇళ్లలో అటక మీద ఇంకా దొరుకుతాయి. కొలతలు ఊరిని బట్టి కొంత మారినా, మా ఇంటి వరుస ఇది: రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గిద్దను ఒకటిగా తీసుకుంటే ఈ ఏడు పాత్రల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64.

ఇప్పుడు ఏడు పాత్రలనూ ఒక్కొక్కసారి నింపి చాప మీద పోయండి. మొత్తం 127 గిద్దలు. దానికి ఇంకొక్క గిద్ద కలిపి చూడండి: రెండు గిద్దలు కలిసి అరసోల అవుతుంది, అప్పటికే ఉన్న అరసోలతో కలిసి సోల అవుతుంది, అది తవ్వ, తవ్వ మానిక, మానిక అడ్డ, అడ్డ కుంచం అయి, చివరికి సరిగ్గా రెండు కుంచాలు నిలుస్తాయి. అంటే మొత్తం ఎప్పుడూ తరువాతి కొలతకు ఒకటి తక్కువ. చదరంగంలోనూ ఇదే జరుగుతుంది: అరవై నాలుగు గళ్ల మొత్తం, లేని అరవై ఐదో గడిలో పోయవలసిన గింజలకు ఒకటి తక్కువ. ఆ లేని గడి విలువ 2ను అరవై నాలుగు సార్లు గుణించగా వచ్చేది, అంటే 2 యొక్క 64వ ఘాతం. మన సంఖ్య దానికి ఒకటి తక్కువ.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూపించవచ్చు. ఏ పాత్ర వాడాలో, ఏది వదలాలో మాత్రమే చెబితే, ఒక గిద్ద మొదలు 127 గిద్దల దాకా ఏ పరిమాణాన్నైనా ఒకే ఒక్క విధంగా కొలవగలం. వాడిన పాత్రకు 1, వదిలిన పాత్రకు 0 రాస్తే అదే కంప్యూటర్ల ద్విసంఖ్యామానం. ఈ భాషలో మన ఇరవై అంకెల సంఖ్య అరవై నాలుగు ఒకట్ల వరుస. అరవై నాలుగు బిట్ల గదిలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే.

మూడో మెట్టు: విలువను స్వయంగా కట్టడం

అరవై నాలుగు సార్లు రెట్టించనక్కరలేదు. ఆరు సార్లు వర్గం చేస్తే చాలు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపై 256, 65536, 4294967296. ఈ ఐదో ఫలితాన్ని మరొక్కసారి వర్గం చేయాలి. ఇక్కడ పది అంకెల గుణకారాన్ని ఒక్క ఊపున చేయబోతే తప్పు దొర్లుతుంది కాబట్టి, సంఖ్యను మధ్యకు విరిచి 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. ఎడమ ముక్క వర్గం 1844616601. రెండు ముక్కల లబ్ధం 2890295904, దాని రెట్టింపు 5780591808. కుడి ముక్క వర్గం 4528751616. మొదటి దాని పక్కన పది సున్నాలు, రెండో దాని పక్కన ఐదు సున్నాలు చేర్చి, గళ్ల కాగితంపై ఒకట్ల కింద ఒకట్లు వచ్చేట్టు మూడింటినీ కూడితే 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసివేయండి.

ఫోను కాలిక్యులేటరును గాని, స్ప్రెడ్‌షీట్‌ను గాని ఈ మెట్టులో నమ్మవద్దు. సాధారణ స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెల వరకే నిలుపుకుంటుంది కనుక 18446744073709600000 అని చూపిస్తుంది. ఒక విద్యార్థి ఆ సున్నాలను చూసి, ‘మాస్టారూ, ఇది వందతో భాగింపబడుతుంది కదా’ అని ఎంతో నమ్మకంగా అన్నాడు. రెట్టింపుల మొత్తానికి మొదటి గడిలోని ఒంటి గింజ ఉంది కాబట్టి అది ఎన్నటికీ బేసి సంఖ్యేనని గుర్తు చేశాక, ఆ అబ్బాయే కాగితం తీసుకుని మొదటి నుండి కట్టాడు.

పరిమాణం మనసుకు అందాలంటే తూకంలోకి మార్చాలి. కంసాలి తూకంలో పది గ్రాముల బియ్యం తూయించి పిల్లలతో లెక్కపెట్టిస్తే ఐదు వందల పైచిలుకు గింజలు వచ్చాయి. గ్రాముకు 50 అనుకుందాం. కలాజీరా వంటి సన్న బియ్యమైతే ఇంకా ఎక్కువ పడతాయి. పలకలో సగభాగం, అంటే ముప్పై రెండు గళ్లకు 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. ఇవి దాదాపు 86 టన్నులు, పది టన్నుల లారీలు తొమ్మిది. అంతవరకు ఒక మిల్లు యార్డులో పట్టేదే. పలక మొత్తానికి వచ్చేసరికి అది సుమారు 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైన ఉంటుంది. ఆ లెక్కన దాదాపు ఏడు వందల ఏళ్ల పంట.

నాలుగో మెట్టు: చిన్న పరీక్షలు

ఇవి తొందరగా ముగించవచ్చు. చివరి అంకె 5 కాబట్టి 5తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఇరవై అంకెల మొత్తం 87; 87ను 3 భాగిస్తుంది, 9 భాగించదు; కనుక మన సంఖ్యకు 3 ఒక కారణాంకం, 9 కాదు. 7, 11, 13లకు ఒకే పరీక్ష చాలు: కుడి నుండి మూడేసి అంకెలు తీసుకుని ఒకదాన్ని కూడుతూ తరువాతిదాన్ని తీసివేస్తూ పోవాలి. 615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 చేస్తే 1016. ఇందులో 1001 పోగా మిగిలినది 15. దానిని 7తో భాగిస్తే 1, 11తో భాగిస్తే 4, 13తో భాగిస్తే 2 మిగులుతాయి కాబట్టి ఈ మూడూ కారణాంకాలు కావు. చివరి రెండు అంకెలు 15. 5తో అంతమయ్యే వర్గ సంఖ్యలన్నీ 25తోనే ముగుస్తాయి కనుక మనది వర్గ సంఖ్య కాదని కూడా ఇక్కడే తేలిపోతుంది.

ఐదో మెట్టు: సంఖ్యను ఆరు ముక్కలుగా విడగొట్టడం

ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసిన సూత్రం ఒకటే ఇక్కడ కావాలి: రెండు వర్గాల భేదం, ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణించిన దానికి సమానం. మన సంఖ్య 4294967296 వర్గం నుండి 1 వర్గాన్ని తీసివేసినది. కనుక అది 4294967295ను 4294967297తో గుణించిన లబ్ధం. ఎడమ వైపుది మళ్లీ 65536 వర్గానికి ఒకటి తక్కువ కాబట్టి 65535, 65537గా విడిపోతుంది. అదే తీరున 65535 అనేది 255, 257గా, 255 అనేది 15, 17గా, 15 అనేది 3, 5గా విడిపోతాయి. చివరికి మిగిలేవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఒక్క దీర్ఘ భాగహారమూ చేయకుండానే ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది. వెనక్కి గుణించి సరిచూసుకోండి: 15, 255, 65535, 4294967295 అని ప్రతి మజిలీలోనూ తరువాతి ముక్కకు రెండు తక్కువైన సంఖ్య వస్తుంది. ఈ గమనింపు ఒక విలువైన ఫలితాన్నిస్తుంది. ఏ రెండు ముక్కలకైనా ఉమ్మడి కారణాంకం ఉంటే, అది పెద్ద ముక్కనూ భాగించాలి, చిన్న ముక్క కలిసి ఉన్న లబ్ధాన్నీ భాగించాలి. ఆ రెండింటి తేడా 2 కనుక 2ను కూడా భాగించాలి. ముక్కలన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అది అసాధ్యం. అంటే ఏ ప్రధాన సంఖ్యా రెండు ముక్కలలో ఉమ్మడిగా రాదు.

ఆరో మెట్టు: చివరి ముక్కను పగలగొట్టడం

ఈ ముక్కలను ఫెర్మా సంఖ్యలంటారు. ఈ తీరు సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ ఈ 4294967297ను 641 భాగిస్తుందని చూపించి ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. మనం చేయవలసింది 641 దగ్గరకు అదృష్టంతో కాక, ఆలోచనతో చేరడం. ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. గణితం ఎంత శ్రమను ఆదా చేయగలదో ఇక్కడ కనపడినంత స్పష్టంగా మరెక్కడా కనపడదు.

ఒక ప్రధాన సంఖ్య మన చివరి ముక్కను భాగిస్తుందనుకోండి. అప్పుడు దానితో భాగించినప్పుడు 2 యొక్క 32వ ఘాతం −1 శేషాన్నిస్తుంది, అంటే ఒకటి కలిపితే నిశ్శేషం. దానిని వర్గం చేస్తే 64వ ఘాతం 1 శేషాన్నిస్తుంది. 64 కంటే చిన్న ఏ ఘాతం దగ్గరా 1 శేషం రాదు, ఎందుకంటే అటువంటి మొదటి ఘాతం 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. మరోవైపు, ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన ఘాతం దగ్గర 1 శేషం రావడం ఫెర్మా చిన్న సిద్ధాంతం. ఈ రెండూ కలిపితే ఆ ప్రధాన సంఖ్య నుండి ఒకటి తీసివేసినప్పుడు మిగిలేది 64 గుణిజం కావాలి. తరువాత ఫ్రెంచి గణితవేత్త లూకా దీనిని ఇంకా బిగించాడు. అటువంటి ప్రధాన సంఖ్యను 8తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక, దాని శేషాల ప్రపంచంలో 2 తానే ఒక వర్గం అవుతుంది. ఆ వర్గమూలం 128వ ఘాతంలో గాని మొదటిసారి 1ని చేరదు. కాబట్టి కారణాంకాలన్నీ 128 గుణిజానికి ఒకటి ఎక్కువైనవే. గుర్తుంచుకోవడానికి: 257 మొదలు పై ముక్కలలో 2కు ఉన్న ఘాతాంకాన్ని నాలుగు రెట్లు చేసి, దాని గుణిజాలకు ఒకటి కలిపిన సంఖ్యలనే పరీక్షించాలి.

ఆ వరుస రాయండి: 129, 257, 385, 513, 641. వీటిలో 129 మూడు గుణిజం, 385 ఐదు గుణిజం, 513 మూడు గుణిజం. 257 మరొక ముక్కగా ఇప్పటికే ఉంది కాబట్టి ఇక్కడికి రాదు. మొదటి నిజమైన పరీక్షే 641.

భాగహారం చేయకముందే అది భాగిస్తుందని నిరూపించవచ్చు. 641ను రెండు విధాలుగా రాయండి: 5 × 128 + 1 అనీ, 625 + 16 అనీ. మొదటి రూపాన్ని బట్టి 641తో భాగించినప్పుడు 5 × 128 శేషం −1. దాని నాలుగో ఘాతం శేషం 1. ఆ నాలుగో ఘాతం అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించినది. రెండో రూపాన్ని బట్టి 625 బదులు −16 పెట్టవచ్చు. 16 అంటే 2 యొక్క 4వ ఘాతం. కనుక 32వ ఘాతానికి రుణ గుర్తు పెడితే శేషం 1, అంటే 32వ ఘాతానికి ఒకటి కలిపితే శేషం సున్నా. నా దగ్గర చదివే పిల్లల్లో భాగహారమంటే భయపడేవారికి కూడా ఈ కొద్ది వాక్యాలు అర్థమయ్యాయి. అర్థమైన క్షణంలో వారి ముఖాలు చూడటానికే నేను ఈ పాఠం ప్రతి ఏడూ చెబుతాను.

భాగఫలం 6700417. దీనిని 600తో గుణిస్తే 4020250200, 40తో గుణిస్తే 268016680, వీటికి 6700417 కలిపితే 4294967297 వచ్చి లెక్క సరిపోతుంది.

ఏడో మెట్టు: మిగిలినవి ప్రధాన సంఖ్యలేనని రూఢి చేయడం

3, 5, 17 సంగతి తెలిసినదే. 257కు పై నియమం ప్రకారం 32 గుణిజానికి ఒకటి ఎక్కువైన కారణాంకం ఉండాలి. అటువంటి అతి చిన్న సంఖ్య 33; 257 వర్గమూలమేమో 17కు లోపే. పరీక్షించడానికి ఏమీ లేదు కాబట్టి అది ప్రధాన సంఖ్య. 65537 వర్గమూలం 256 దగ్గర. దాని లోపు 64 గుణిజానికి ఒకటి ఎక్కువైనవి 65, 129, 193 మాత్రమే. మొదటి రెండూ ప్రధానాలు కావు. 193తో భాగిస్తే 110 మిగులుతుంది. ఒక్క భాగహారంతో పని పూర్తి.

6700417 వర్గమూలం 2588, 2589ల మధ్య ఉంటుంది. అది 4294967297కు కారణాంకం కనుక దాని కారణాంకాలూ 128 నియమాన్ని పాటించాలి. 2588 లోపు అటువంటి సంఖ్యలు ఇరవై: 129 మొదలు 2561 దాకా. మూడుతో, ఐదుతో, ఏడుతో పోయేవాటిని ముందు కొట్టివేయండి. 1537 అంటే 29 × 53, 1793 అంటే 11 × 163, 1921 అంటే 17 × 113, 2561 అంటే 13 × 197, వీటినీ కొట్టివేయండి. 257ను పక్కన పెడితే మిగిలే ప్రధాన సంఖ్యలు 641, 769, 1153, 1409. వీటితో 6700417ను భాగిస్తే వరుసగా 44, 120, 334, 622 మిగులుతాయి. ఏదీ సున్నా కాదు. కనుక 6700417 ప్రధాన సంఖ్యే. ఈ నియమం లేకుండా వరుసగా వెళితే 2588 లోపు ఉన్న మూడు వందలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించవలసి వచ్చేది.

మొత్తం విభజన ఇది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఎనిమిదో మెట్టు: కారణాంకాలను లెక్కించడం

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. ప్రతి కారణాంకమూ ఈ ఏడింటిలో కొన్నిటిని తీసుకుని కొన్నిటిని వదలడం వల్ల ఏర్పడుతుంది. ఇది రెండో మెట్టులోని ఏడు కొలపాత్రల లెక్కే: తీసుకున్నదానికి 1, వదిలినదానికి 0. కాబట్టి కారణాంకాలు 128. గింజలన్నిటినీ వరుసలు, నిలువులుగా దీర్ఘచతురస్రంలో పేర్చాలంటే 64 ఆకారాలు సాధ్యం; పలకకు ఉన్న గళ్లన్నే. ఇది కాకతాళీయమే అయినా పిల్లలకు ఎంతో నచ్చుతుంది. వాటిలో చతురస్రానికి అతి దగ్గరది 4294967295 వరుసలు, 4294967297 నిలువులు ఉన్నది. భుజాల తేడా కేవలం రెండు గింజలు.

కారణాంకాల మొత్తానికి ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒకటి కలిపి గుణించాలి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418. ఫలితం 3,14,21,98,09,89,18,98,88,768. ఇది మన సంఖ్యకు రెట్టింపు అయి ఉంటే దానిని పరిపూర్ణ సంఖ్య అనేవాళ్లం. ఇది సుమారు 1.70 రెట్లే కాబట్టి మనది లోటు సంఖ్య.

1796లో గౌస్ స్కేలు, వృత్తలేఖినులతో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని నిరూపించాడు. అదే సిద్ధాంతం ప్రకారం, మన 128 కారణాంకాలలో 641ని గాని 6700417ని గాని కలుపుకోనివి 32; వాటిలో 1ని మినహాయించి మిగిలిన 31 సంఖ్యలన్ని భుజాల క్రమ బహుభుజులను గీయడం సూత్రరీత్యా సాధ్యం. ఈ రోజు వరకు తెలిసిన బేసి భుజాల గీయదగ్గ బహుభుజులు ఈ 31 మాత్రమే.

తొమ్మిదో మెట్టు: గింజలను చతురస్రపు మళ్లలో పేర్చడం

ఒక్క చతురస్రంలో గింజలు ఇమడవని నాలుగో మెట్టులో చూశాం. రెండు గాని మూడు గాని చతురస్రాలలో ఇమడ్చగలమా? ఏ వర్గ సంఖ్యను 8తో భాగించినా 0, 1, 4లలో ఒకటే మిగులుతుంది. వీటిలో ఏ మూడింటిని కూడినా 7 శేషం రాదు. కాగితంపై అన్ని కూర్పులూ రాసి చూడండి, పది మాత్రమే ఉన్నాయి. మన సంఖ్య చివరి మూడు అంకెలు 615. దానిని 8తో భాగిస్తే 7 మిగులుతుంది. కనుక మూడు చతురస్రాలు చాలవు. నాలుగు మాత్రం ఏ సంఖ్యకైనా చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. అయితే అవి ఉన్నాయని తెలియడం వేరు, వాటిని చేతికి తెచ్చుకోవడం వేరు.

ఇక్కడ 7వ శతాబ్దపు బ్రహ్మగుప్తుని సూత్రం మనకు దారి చూపుతుంది: రెండు వర్గాల మొత్తాన్ని మరో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే, ఫలితం కూడా రెండు వర్గాల మొత్తమే. ముందుగా 3ను పక్కన పెట్టండి. మిగిలిన ఐదు ముక్కలూ, అంటే 5, 17, 257, 65537, 4294967297, ఒక్కొక్కటీ ఒక వర్గానికి ఒకటి కలిపినవే: ఆ వర్గమూలాలు 2, 4, 16, 256, 65536. మొదటి జత 2, 1 తీసుకోండి. ప్రతిసారీ తరువాతి మూలంతో మొదటి సంఖ్యను గుణించి రెండోదాన్ని తీసివేస్తే కొత్త మొదటి సంఖ్య. రెండోదాన్ని గుణించి పాత మొదటిదాన్ని కలిపితే కొత్త రెండో సంఖ్య. ఇలా నడిపితే,

2, 1
7, 6
106, 103
27033, 26474
1771608214, 1735027097

అని జతలు వస్తాయి. ప్రతి వరుస దగ్గర ఆగి సరిచూసుకోవడం అవసరం. ఉదాహరణకు 106 వర్గం 11236, 103 వర్గం 10609, మొత్తం 21845, అది 5 × 17 × 257. చివరి జత వర్గాల మొత్తం మన సంఖ్యలో మూడో వంతు.

ఇప్పుడు పక్కన పెట్టిన 3ను తిరిగి తేవాలి. రెండు సంఖ్యల మొత్తం వర్గాన్నీ, భేదం వర్గాన్నీ కూడితే ఆ రెండింటి వర్గాల మొత్తానికి రెట్టింపు వస్తుంది. దానికి అవే రెండు వర్గాలను మరోసారి కలిపితే మూడు రెట్లు. చివరి జత మొత్తం 3506635311, భేదం 36581117. కాబట్టి పలక మీది గింజలన్నీ నాలుగు చతురస్రపు మళ్లలో ఒక్క గింజ మిగలకుండా, తగ్గకుండా సరిపోతాయి. ఆ మళ్ల భుజాలు 3506635311, 1771608214, 1735027097, 36581117 గింజలు.

సరిచూడటానికి చివరి మూడేసి అంకెలతో మొదలుపెట్టండి. 311 వర్గం 721తో ముగుస్తుంది, 214 వర్గం 796తో, 97 వర్గం 409తో, 117 వర్గం 689తో. ఈ నాలుగింటి మొత్తం 2615. చివరి మూడు అంకెలు 615. ఆపైన పూర్తి వర్గాలను మూడో మెట్టులో చెప్పినట్టు ముక్కలుగా విరిచి కట్టి కూడండి. గళ్ల కాగితం రెండు పేజీలు పడుతుంది.